వాలెంటైన్స్ డే: ల్యాబ్ సహోద్యోగికి నాలుగు లైన్ల కవిత.. నవ్వు రావాలంటే సైన్స్ కరెక్ట్‌గా ఉండాల్సిందే!

ఫిబ్రవరి 14 దగ్గర పడుతోందంటే చాలు.. గులాబీల రేటు పెరుగుతుంది, వాట్సాప్ స్టేటస్‌లు ఎర్రబడతాయి. మరి తెల్లకోటు వేసుకుని, కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు పెట్టుకుని పనిచేసేవాళ్ల సంగతేంటి? ల్యాబ్‌లోకి పువ్వు తీసుకెళ్లడానికి లేదు. చాక్లెట్ అసలే కుదరదు, లోపల ఏదీ తినకూడదు. చాలా ఫార్మా ల్యాబ్‌ల్లో ఫోన్ కూడా బయటి లాకర్‌లోనే ఆగిపోతుంది. ఇక మిగిలింది ఒక్కటే. నాలుగు లైన్ల కవిత. అదీ నవ్వించేది.

అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట మండలం అంటే చెరకు, బెల్లం గుర్తుకొస్తాయి. ఇక్కడ ల్యాబ్ కవితలేంటి అనుకోవచ్చు. కానీ పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, నక్కపల్లి వైపు కంపెనీలు వచ్చాక పరిస్థితి మారిపోయింది. వడ్డాది, చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో బీఎస్సీ కెమిస్ట్రీ, ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివిన కుర్రకారు ల్యాబ్ ఉద్యోగానికి వెళ్లడం ఇప్పుడు మామూలే. ఇంట్లో వాళ్లతో గడిపే టైమ్ కంటే పక్క బెంచీ వాళ్లతో గడిపే టైమే ఎక్కువ. ఆ పక్క బెంచీ మనిషికి ప్రేమికుల రోజున ఏదైనా సరదాగా రాయాలనిపిస్తే తప్పేం లేదు. ఎలా రాయాలన్నదే అసలు సంగతి.

ఈ సరదా ఇప్పటిది కాదు

సైన్స్ మాటలతో వాలెంటైన్ కవిత రాయడం సోషల్ మీడియా వచ్చాక పుట్టిన ట్రెండ్ అనుకుంటే పొరపాటే. కరెంటు, అయస్కాంతం, వెలుతురు.. ఈ మూడింటినీ ఒకే సమీకరణాల కిందికి తెచ్చిన జేమ్స్ క్లార్క్ మ్యాక్స్‌వెల్ తెలుసు కదా! మీ ఫోన్‌కి సిగ్నల్ వస్తోందంటే ఆ పునాది వేసింది ఆయనే. అంత పెద్దాయన 19వ శతాబ్దంలోనే ఓ వాలెంటైన్ కవిత రాశారు. అదీ ఇద్దరు సహోద్యోగుల మీద! తీగకు ఆ చివర ఓ టెలిగ్రాఫ్ గుమాస్తా అమ్మాయి, ఈ చివర ఓ టెలిగ్రాఫ్ గుమాస్తా అబ్బాయి. మధ్యలో మైళ్ల దూరం. అబ్బాయి తన మనసును అప్పట్లో వాడుకలో ఉన్న బ్యాటరీల పేర్లతో పోల్చి అడుగుతాడు. అమ్మాయి ఓముల్లో, వోల్టుల్లో, ఫారడ్‌లలో జవాబిస్తుంది. 1879లో మ్యాక్స్‌వెల్ చనిపోయాక, 1882లో వచ్చిన ఆయన జీవితచరిత్రలో ఇలాంటి పద్యాలన్నీ అచ్చయ్యాయి.

ఆ కవితలో గమనించాల్సిన విషయం ఒకటుంది. అందులోని ప్రతి కొలమానం సరిగ్గా దాని పనే చేస్తుంది. ఓములు దాటుకుంటూ కరెంటు రావాలి, ఫారడ్‌లో ఛార్జి నిలవాలి. అప్పట్లో కరెంటుకు వెబర్ అనే పేరు వాడేవారు కాబట్టి ఆ పేరే పెట్టారు. ఆంపియర్ అంతర్జాతీయంగా ఖాయమైంది 1881లో. అంటే ప్రేమ మాట సరదాకే గానీ, సైన్స్ మాత్రం సరదాకు కాదు. టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసేవాళ్లకు నవ్వొచ్చిందంటే కారణం అదే.

మరి తెలుగులో? ఎక్కడికో వెళ్లక్కర్లేదు, విశాఖపట్నమే చాలు. మహాకవి శ్రీశ్రీ చదివింది తెలుగు సాహిత్యం కాదు. 1931లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జువాలజీలో బీఏ. 1935లో విశాఖ ఏవీఎన్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరారు. ల్యాబ్ ఉద్యోగమే అన్నమాట! ఇంగ్లిష్ లిమరిక్‌ని పట్టుకొచ్చి 'లిమఋక్కు' అని పేరు పెట్టి తెలుగువాళ్లను నవ్వించింది కూడా ఆయనే. 'సిప్రాలి'లో ఆ సరదా అంతా కనిపిస్తుంది. ల్యాబ్‌లో పనిచేసేవాడికి కవిత్వం ఎందుకు అని ఎవరైనా అంటే ఈ పేరు చెబితే సరిపోతుంది.

తెలుగు మీడియం వాళ్లకు ఇక్కడ ఓ అడ్వాంటేజ్

ఇంటర్, డిగ్రీ తెలుగు మీడియంలో చదివినవాళ్లు ల్యాబ్‌లో ఇంగ్లిష్ మాటల దగ్గర కాస్త తడబడుతుంటారు. కవిత దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్లదే పైచేయి. ఎందుకంటే మన సైన్స్ పుస్తకాల్లోని మాటల్లో సగం ఇప్పటికే ప్రేమలో ఉన్నాయి!

అయస్కాంతం అనే మాటే చూడండి. అయస్సు అంటే ఇనుము. కాంతం అంటే ప్రియమైనది. ఇనుముకు ప్రియమైనదే అయస్కాంతం. పాఠంలో ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం బట్టీ పట్టాం గానీ పేరులోని లవ్ స్టోరీ ఎవరూ చెప్పలేదు. చిక్కటి ద్రవం మెల్లగా జారే గుణాన్ని స్నిగ్ధత అంటాం. స్నేహం కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. సంస్కృతంలో స్నేహం అంటే నూనె, జిడ్డు అనే అర్థాలూ ఉన్నాయి. అంటే స్నేహితుడు జిడ్డులా పట్టుకున్నాడు అంటే అది తిట్టు కాదు, నిఘంటువు! ఇక బంధం, ఆకర్షణ, స్పందన, సమతాస్థితి.. ఇవన్నీ అటు ల్యాబ్ రికార్డులోనూ ఉంటాయి, ఇటు సినిమా పాటల్లోనూ ఉంటాయి. సమయోజనీయ బంధం అంటే ఇద్దరూ చెరో ఎలక్ట్రాన్ పెట్టి ఉమ్మడిగా వాడుకోవడం. క్యాంటీన్‌లో ఒకే ప్లేట్ పకోడీ పంచుకోవడం కూడా దాదాపు ఇదే.

వాలెంటైన్ అనే పేరు, కెమిస్ట్రీలోని వేలెన్సీ రెండూ అన్నదమ్ముల్లాంటి మాటలే. రెండూ బలం అనే అర్థమున్న ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. కాబట్టి ఆ రోజు మీద కెమిస్ట్రీ వాళ్లకు కాస్త ఎక్కువ హక్కే ఉంది.

నవ్వు ఎక్కడ పుడుతుంది?

"నీకూ నాకూ మధ్య కెమిస్ట్రీ ఉంది" అని రాస్తే ల్యాబ్‌లో ఎవరూ నవ్వరు. రోజంతా కెమిస్ట్రీతోనే వేగుతున్నారు మరి! బయటివాళ్లకు తెలియని, పక్క బెంచీకి మాత్రమే తెలిసిన చిన్న కష్టాన్ని పట్టుకోవాలి. ఉదాహరణకు టైట్రేషన్. ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్ నుంచి క్షారం బొట్టు బొట్టుగా వదులుతాం. లేత గులాబీ రంగు వచ్చి కాసేపు నిలిస్తే ఆపేయాలి. ఒక్క బొట్టు ఎక్కువైతే ముదురు గులాబీ. మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే. ఇది తెలిసినవాళ్లకు ఈ నాలుగు లైన్లు ఇస్తే..

బొట్టు బొట్టుగా వదిలాను, రంగు రాలేదు
ఇంకొక్కటి వదలాలంటే మనసు రాలేదు
నువ్వొచ్చి పలకరించావు, చేయి జారింది
ఫ్లాస్కంతా గులాబీ.. రీడింగు పోయింది!

ఇందులో గులాబీ పువ్వు లేదు. గులాబీ రంగు ఉంది, అదీ తప్పు రంగు. పొరపాటు చేసింది రాసినవాడు. పలకరించడం తప్ప అవతలి మనిషి చేసిందేమీ లేదు. ఈ రకం కవితకు ఇదే కీలకం. జోకు రాసినవాడి మీదే పేలాలి.

అదే పద్ధతిలో సెంట్రిఫ్యూజ్. గొట్టాన్ని ఒంటరిగా పెట్టి తిప్పితే మిషన్ ఊగిపోతుంది. ఎదురుగా అంతే బరువున్న ఇంకో గొట్టం ఉండాలి. అందులో ఉత్త నీళ్లు పోసినా చాలు. ఈ సంగతి వినగానే కొందరికి "నువ్వూ నేనూ సమానమైన బరువు" అని రాయాలనిపిస్తుంది. సైన్స్ కరెక్టే. కానీ సహోద్యోగి బరువు గురించి రాస్తే ఆ తర్వాత జరిగేదానికి ఏ సైన్సూ అడ్డం రాదు. నీళ్ల గొట్టాన్ని తన మీద వేసుకుంటే ఇలా ఉంటుంది..

నీ గొట్టంలో శాంపిలు, నా గొట్టంలో నీళ్లు
అయినా ఎదురెదురే మన కుర్చీలు ఇన్నేళ్లు
ఒక్కరోజు నువ్వు సెలవు పెడితే చాలు
సెంట్రిఫ్యూజుకు చలిజ్వరం, ల్యాబంతా గగ్గోలు!

ఫార్మా క్యూసీలో పనిచేసేవాళ్లకు హెచ్‌పీఎల్‌సీ గురించి చెప్పక్కర్లేదు. కదలకుండా కూర్చునే స్టేషనరీ ఫేజ్ ఒకటి, దాని మీదుగా పారుతూ పోయే మొబైల్ ఫేజ్ ఒకటి. శాంపిల్ ఈ రెండింటి మధ్య తేల్చుకోలేక కాలమ్‌లో నలుగుతుంది. రన్ అయ్యేదాకా ఎదురుచూడటం తప్ప చేసేదేం లేదు. అటు చూస్తే కంపెనీ బస్సు టైమ్ అయిపోతుంటుంది.

మొబైల్ ఫేజు నువ్వు, ఆగవు ఎక్కడా
స్టేషనరీ ఫేజు నేను, కదలను ఇక్కడ
మధ్యన శాంపిలు నలుగుతోంది పాపం
బస్సు వెళ్లిపోయింది, ఎవరి మీద కోపం!

మన సుబ్బారావు గారి నీలం రంగు

ప్రేమికుల రోజు కవిత అనగానే ఎరుపు, నీలం పూల పోలికలు రావడం ఇంగ్లిష్ వాళ్ల అలవాటు. ఎరుపు సంగతి పక్కన పెడితే, నీలం మీద తెలుగువాళ్లకు సొంత హక్కు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫరస్ ఉంటే ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు 'ఫిస్కే సుబ్బారావు పద్ధతి' తెలిసే ఉంటుంది. కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఈ జంట బయటపెట్టింది కూడా ఆ దారిలోనే. "నువ్వే నా ఏటీపీ" అని రాసేవాళ్లు ఏటీపీ కథలోనూ ఓ తెలుగాయన ఉన్నారని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఈ పరీక్షలో బ్లాంక్ అని ఒక గొట్టం ఉంటుంది. అందులో శాంపిల్ వేయరు కాబట్టి రంగు రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో కల్తీ జరిగినట్టే లెక్క. ఇక చదవండి..

గులాబీ సంగతి గులాబీ వాళ్లే చూసుకుంటారు
నా గొట్టం నీలమైతే సుబ్బారావు గారు నవ్వుతారు
నువ్వు పక్కనుంటే నా బ్లాంకు కూడా నీలమైంది
రీఏజెంట్‌లో తప్పా, నాలో తప్పా తేలకుంది!

బుచ్చయ్యపేట రుచి తగలాలంటే..

ల్యాబ్ అంటే ఫార్మా ఒక్కటే కాదు. ఈ ప్రాంతంలో అంతకంటే పాత ల్యాబ్ చెరకుది. అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913 నుంచి నడుస్తోంది. చోడవరం దగ్గర గోవాడ చక్కెర ఫ్యాక్టరీ పేరు ఈ చుట్టుపక్కల తెలియని రైతు ఉండడు. చెరకు రసంలో తీపిని బ్రిక్స్‌లలో కొలుస్తారు. వంద గ్రాముల ద్రావణంలో ఒక గ్రాము చక్కెర ఉంటే ఒక బ్రిక్స్. రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక చుక్క రసం వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే గీత కనిపిస్తుంది. బాగా పండిన చెరకైతే అది ఇరవై అటూఇటూగా ఉంటుంది.

అన్నట్టు, అనకాపల్లి నుంచి వచ్చిన ఓ చెరకు రకం 87ఏ298. దానికి పెట్టిన పేరు విశ్వామిత్ర. మేనక ఎదురుపడగానే తపస్సు మర్చిపోయిన ఆ ఋషి పేరు తియ్యటి చెరకుకు పెట్టారంటే, పరిశోధన కేంద్రాల్లో కవులు లేరని ఎవరనగలరు!

చెరకు రసం బ్రిక్స్ చూస్తే ఇరవై దగ్గర ఆగింది
నీ పలకరింపు చూస్తే స్కేలే చాలనంది
షుగరుందని డాక్టరు తీపి వద్దన్నాడు గానీ
గుడ్ మార్నింగ్ మానమని ఎక్కడా అనలేదు మరి!

ఎక్కడ రాయకూడదంటే..

కవిత బాగా వచ్చింది కదా అని చేతికి దొరికిన కాగితం మీద గీకేస్తే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. మందులు తయారుచేసే చోట ల్యాబ్ రికార్డులో ప్రతి అక్షరానికీ లెక్క ఉంటుంది. విడి కాగితం ముక్కలు, అంటించే చిట్టీలు బెంచీ మీద కనిపిస్తే తనిఖీకి వచ్చినవాళ్లు వదలరు. అసలు రీడింగ్ దీని మీద రాసుకుని తర్వాత రికార్డులో మార్చి ఎక్కించారేమో అన్నది వాళ్ల అనుమానం. "ఫ్లాస్కంతా గులాబీ.. రీడింగు పోయింది" అన్న చిట్టీ ఇన్‌స్పెక్టర్ చేతిలో పడితే, అది కవిత అని నమ్మించడానికి ఎన్ని మీటింగ్‌లు పడతాయో ఊహించుకోవచ్చు. కాబట్టి కవిత స్థలం బస్సు, క్యాంటీన్. ల్యాబ్ కాదు.

ఇంకో గీత కూడా ఉంది. అది దాటితే నవ్వుకునే విషయం కాదు. ఫార్ములా ఎంత తెలివైనదైనా, అవతలి మనిషి అందం, ఒళ్లు, బట్టలు, జుట్టు మీదకు వెళ్తే అది సైన్స్ జోకు అవ్వదు. హీలియం, నియాన్‌లను తెలుగులో జడ వాయువులు అంటాం. "నీ జడ చూసి జడ వాయువునైపోయా" అని ఇంట్లో భార్యకు రాస్తే ముచ్చటగా ఉంటుంది. నైట్ షిఫ్ట్‌లో పక్క బెంచీ అమ్మాయికి రాస్తే ఇబ్బంది. 2013 నాటి చట్టం ప్రకారం పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా మహిళల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇష్టంలేని శృంగారపు మాటలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. సరదాగా రాశాను అన్నది అక్కడ సమాధానం కాదు.

"జడ వాయువు కూడా చివరికి లొంగింది కదా" అనే వాదన కొందరి దగ్గర ఉంటుంది. నిజమే, 1962లో నీల్ బార్ట్‌లెట్ జినాన్‌తో సమ్మేళనం తయారుచేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. కానీ అందుకు ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ లాంటి భయంకరమైన పదార్థం కావాల్సి వచ్చింది. వద్దన్న మనిషి మీద అంత ప్రయత్నం చేస్తే దానికి ఆఫీసులో వేరే పేరుంది. మొదటి కవితకు నవ్వు రాకపోతే రెండోది రాయకపోవడమే మర్యాద.

ఒకరికే ఇస్తే అనుమానం, ల్యాబ్ మొత్తానికి ఇస్తే సరదా. ఈ చిట్కా చాలా చోట్ల పనిచేస్తుంది. సీనియర్‌కి రాసేటప్పుడు 'నువ్వు' తీసి 'మీరు' పెడితే ప్రాస పోతుందేమో గానీ ఉద్యోగం పోదు.

అన్నింటికంటే ముందు రాయాల్సిన కవిత

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఓ ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ రోజు మధ్యాహ్నం ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఫోన్లు మోగాయో, ఎంతమంది తల్లులు గుమ్మం దగ్గర నిలబడ్డారో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఇక్కడ 'జాగ్రత్త' అనే మాట బరువు మారిపోయింది. పక్క బెంచీ మనిషి గాగుల్స్ నుదుటి మీదకు నెట్టుకుంటే "కిందికి దించు" అని ఒకటికి రెండుసార్లు చెప్పేవాడు విసుగు పుట్టిస్తాడు. కానీ ద్రావకం చిమ్మినప్పుడు ముందు పరిగెత్తుకొచ్చేది, ఐ వాష్ దగ్గరకు చేయి పట్టుకుని తీసుకెళ్లేది వాడే.

అలాంటివాళ్లకు ఇచ్చే కవితలో పెద్ద పోలికలు అక్కర్లేదు. ఫ్యూమ్ హుడ్ అద్దం ఎంత కిందికి ఉంటే ముఖానికి అంత రక్షణ అన్న ఒక్క విషయం చాలు.

గాగుల్స్ పెట్టుకో, గ్లవ్స్ వేసుకో
ఫ్యూమ్ హుడ్ అద్దం కిందికి దించుకో
పువ్వులు, చాక్లెట్లు తర్వాత చూద్దాం
సాయంత్రం అందరం ఒకే బస్సెక్కుదాం!

14న కుదరకపోతే 28 ఉందిగా

ఇంత చదివాక కూడా ప్రేమికుల రోజున సహోద్యోగికి కవిత ఇవ్వడం ఎందుకులే అనిపిస్తే, సరిగ్గా రెండు వారాలు ఆగితే చాలు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో అదే రోజున సీవీ రామన్ తన ఎఫెక్ట్‌ను కనుగొన్నారు. 1930లో నోబెల్ వచ్చింది. పదార్థానికి తగిలిన వెలుతురు దాదాపు అంతా అదే రంగులో చెదిరిపోతుంది. కోటి ఫోటాన్లలో సుమారుగా ఏ ఒక్కటో రంగు మార్చుకుంటుంది. ఆ ఒక్కదాన్ని పట్టుకోవడమే రామన్ గొప్పతనం. ఆ రోజు ఇచ్చే కవితను ఎవరూ అపార్థం చేసుకోరు, నోటీస్ బోర్డు మీద పెట్టినా మేనేజర్ ఏమీ అనరు.

కోటి ఫోటాన్లు తగిలితే ఒక్కటే రంగు మారుతుందట
ఆ ఒక్కటి పట్టుకున్నందుకే రామన్ గారికి నోబెలట
నా జోకులు ఇప్పటికి పదమూడే అయ్యాయి
కోటి కాలేదు కాబట్టి నవ్వకపోయినా పర్లేదోయి!